మూడుకూ ఆరుకూ మధ్య

2019 ఏప్రిల్ 29

తీగను కొరికింది ఎలుకే. మందుల ఫ్రిజ్జు వెనక నుంచి గోడ వారగా నా కంప్యూటర్ దాకా వచ్చే నల్ల తీగ అది. మూడు చోట్ల తెగింది. ఆఫీసు ఊడ్చే గుర్వమ్మ చీపురుతో ఆ ముక్కలను బయటికి లాగి, నేనేదో కుట్టు వేసి అతికిస్తానన్నట్టు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఆమెకు ఉన్నపాటి నమ్మకం నా మీద ఈ ఆఫీసులో ఇంకెవరికీ లేదు.

ఆ తీగ చివర సెన్సర్ ఉంటుంది. ఫ్రిజ్జులో ఎంత చల్లగా ఉందో అరగంటకోసారి అంకె పంపుతుంది. నా కంప్యూటర్ ఆ అంకెను హైదరాబాద్‌లోని మా ఏజెన్సీ హెడ్డాఫీసుకు చేరవేస్తుంది. రెండు డిగ్రీలకు తగ్గకూడదు, ఎనిమిది దాటకూడదు. దాటితే లోపలున్న గొర్రెల టీకా మందు చెడిపోతుంది. అంకె రాకపోతే ఫోన్, మూడుసార్లు రాకపోతే మెమో.

కొత్త సెన్సర్ రావడానికి నెల పడుతుందట. మా స్టోర్ ఇన్‌చార్జి కృష్ణకాంత్ సార్ పొద్దంతా తల పట్టుకుని కూర్చుని, మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చాడు. "అప్పటిదాంక ఏదో ఒక అంకె పంపు నాగరాణీ. కంప్యూటర్ సదివినవ్ గదా, గంత చేయలేవా?" అన్నాడు. చేయలేవా అంటే చాలు, నాకు ఎక్కడలేని పౌరుషం వస్తుంది. ఆయనకు ఆ సంగతి తెలుసు.

పాలిటెక్నిక్ అయిపోయాక, కంప్యూటర్‌కు ప్రోగ్రాం రాసే సి భాష ముట్టుకోవడం ఇదే మొదలు. కంప్యూటర్‌ను ఒక అంకె వేయమంటే సున్నా నుంచి రెండు వందల కోట్ల పైచిలుకు దాకా తోచింది వేస్తుంది. దాన్ని ఆ అతి పెద్ద అంకెతో భాగిస్తే సున్నాకూ ఒకటికీ మధ్య పడుతుంది. మూడుతో గుణించి మూడు కలిపితే, మూడుకూ ఆరుకూ మధ్య ఎక్కడో ఆగుతుంది. ఎంత ఎగిరినా దొడ్డి దాటని పొట్టేలు లాగా. రెండు నుంచి ఎనిమిది అని కావాలనే పెట్టలేదు. అంచుల్లో తిరిగే అంకె మీద ఎవరికైనా కన్ను పడుతుంది.

మొదటిసారి అన్నీ 3.00 వచ్చాయి. వరసగా ఇరవై సార్లు 3.00. పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే ఆ భాష దశాంశాన్ని మొత్తం కోసి పారేస్తుంది, మిగిలేది సున్నా. సార్ నా భుజం మీది నుంచి చూసి, "జరమొచ్చినోనికి గూడ గింత ఒక్కతీరుగ ఉండది గదమ్మా" అన్నాడు. భాగించే ముందు, దశాంశం ఉంచు అని చెప్పే ఫ్లోట్ అన్న ఒక్క మాట చేర్చాను. 5.52, 4.18, 5.35, 5.40, 5.73, 3.59. చూడముచ్చటగా ఉన్నాయి.

లేచి వెళ్లి ఫ్రిజ్జులో వేలాడే గాజు థర్మామీటర్ కూడా చూశాను. ఐదు. నిజమూ ఐదే, నేను పంపేదీ ఐదుకు కాస్త అటూ ఇటూ. ఇందులో అబద్ధం ఎక్కడుంది?

మే 4

మన స్టోర్ రికార్డు అన్నిటికంటే బాగుందని హెడ్డాఫీసు నుంచి మెయిల్ వచ్చింది. సార్ మిర్చి బజ్జీలు తెప్పించాడు. నేను నాలుగు తిన్నాను.

మే 9

గుర్వమ్మ తన నీళ్ల సీసాను మందుల ఫ్రిజ్జులో పెట్టుకుంటుంది. పెట్టకూడదు. పది సార్లు చెప్పాను, పది సార్లూ తల ఊపింది. ఇవాళ రెండు గుక్కలు తాగి మూత బిగిస్తూ, నీళ్లు చల్లబడడం లేదంది. ఎండలు అన్నాను.

మే 10

థర్మామీటర్ తొమ్మిది చూపించింది. తలుపు చాలాసేపు తెరిచి నిలబడ్డాను కదా, అందుకే అయి ఉంటుంది.

మే 14

ఈదురుగాలికి స్తంభాలు ఒరిగాయట. కరెంటు మూడున్నర గంటలు లేదు. జనరేటర్‌లో డీజిల్ లేదు, ఎప్పుడూ ఉండదు. కరెంటు వచ్చాక కంప్యూటర్ దానంతటదే లేచింది, నా ప్రోగ్రాం దానంతటదే మొదలైంది. 5.52, 4.18, 5.35.

ఈ అంకెలను ఎక్కడో చూసినట్టుంది.

మే 16

మళ్లీ కరెంటు పోయింది, మళ్లీ వచ్చింది. 5.52, 4.18, 5.35, 5.40, 5.73, 3.59.

సిగ్గేసింది. రెండో సంవత్సరం పిల్లలు చేసే తప్పు. కంప్యూటర్‌కు తోచడం అంటూ ఏమీ ఉండదు. మొదట ఒక అంకెను విత్తనంలాగా ఇస్తే దాని నుంచే మిగతా వరస అంతా పుట్టిస్తుంది. గడియారం చూసుకుని విత్తుకో అని చెప్తే ప్రతిసారీ వేరే వరస వస్తుంది. చెప్పకపోతే ఎన్నిసార్లు మొదలుపెట్టినా అదే విత్తనం, అదే వరస. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ మా ఫ్రిజ్జు 5.52 నుంచే బతుకు మొదలుపెడుతోంది.

చేర్చాల్సింది ఒక్క లైను. రేపు రాస్తాను.

మే 17

రేపు.

మే 22

పద్నాలుగు. తలుపు తెరిచిన వెంటనే చూశాను, కాబట్టి సాకు చెప్పుకోవడానికి లేదు. వెళ్లి సార్‌తో చెప్పాను.

ఆయన వచ్చి చూసి, కంప్రెసర్ మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. మెకానిక్‌ను పిలుస్తానన్నాడు. ఒకటి రెండు రోజుల వేడికి మందు చావదన్నాడు. హెడ్డాఫీసుకు చెబుదామా అని అడిగాను. ఇరవై రెండు రోజులుగా మన రికార్డు మూడుకూ ఆరుకూ మధ్య ఉంది, ఈరోజు పద్నాలుగు అంటే నిన్నటిదాకా పంపిందేమిటని అడుగుతారు అన్నాడు. నిజమే, అడుగుతారు.

"రాసుడు నీ పని. సూసుడు నా పని. నువ్వు ఫికర్ జేయకు" అన్నాడు, మెత్తగానే.

ఆయన చెడ్డవాడు కాదు. ఆయనకూ ఇంట్లో చదువుకునే పిల్లలున్నారు, ఆయనదీ కాంట్రాక్టు ఉద్యోగమే. నా పని రాయడం. ఇక థర్మామీటర్ చూడను.

మే 26

ఊరికి వచ్చాను. బాపు వలస నుంచి తిరిగి వచ్చి మూడు రోజులైంది. తుంగభద్ర వైపు వరి మళ్లల్లో ఐదు నెలలు మంద వెంట నడిచి, నల్లగా, కట్టెలాగా అయ్యాడు. నేను మక్తల్‌లో బస్సు దిగి రాళ్లచెలక చేరేసరికి దొడ్డి దగ్గర మందను లెక్క పెడుతున్నాడు.

చిన్నప్పటిలాగా పక్కన నిలబడ్డాను. దొడ్డి సందులోంచి ఒక్కో గొర్రె బయటికి వస్తుంటే ఆయన పెదవులు కదులుతుంటాయి, వేళ్లు కదలవు. ముందు బొల్లిది, దాని వెనక చెవి తెగింది, దాని వెనక కుంటిది, ఆ తరవాత కవల పిల్లల తల్లి. గొర్రెలు ఎప్పుడూ ఒకే వరసలో నడుస్తాయి. బాపుకు లెక్క కంటే ముందు వరస తెలుస్తుంది. నూటపన్నెండు అన్నాడు, సంచిలోంచి నా కోసం తెచ్చిన రేగువడియాలు తీసి ఇచ్చాడు.

చిన్నాయన లచ్చయ్య తన మందలోకి సంతలో ఇంకో ఇరవై గొర్రెలు కొన్నాడు. మా ఇద్దరి మందలూ కలిపి తోలితే పత్తి వేసే రైతులు ఎరువు కోసం చేలల్లో మంద పెట్టించుకోవడానికి ముందుగా పిలుస్తారని ఆయన ఆశ. బాపు ఒప్పుకోలేదు. సంత జీవాలు ఏ రోగం మోసుకొచ్చాయో తెలియదు, విరేచనాలతో మందలను తుడిచేసే పారుడు రోగానికి టీకా పడి, డాక్టర్లు చెప్పినట్టు పద్నాలుగు రోజులు ఆగాకే కలుపుదామన్నాడు. చిన్నాయన గొణుక్కుంటూనే తన మందను చెరువు అవతల విడిగా కట్టాడు.

ఇంట్లో ఎవరు వచ్చినా బాపుది ఒకటే మాట. "ఈసారి మందు మన రాణి కాపలున్న జాగల నుంచే వస్తది." అమ్మ నాకు రెండో రొట్టె వేసింది. చాలని పళ్లెం పక్కకు జరిపాను.

చెప్పలేదు. మెకానిక్ వచ్చి ఉంటాడు కదా.

మే 28

రాలేదు.

జూన్ 1

కొత్త సెన్సర్ వచ్చింది, అట్టపెట్టెలో, పత్తిలో చుట్టి. పది నిమిషాల్లో బిగించవచ్చు. సార్ పెట్టెను చేతిలో తిప్పి చూసి సొరుగులో పెట్టి తాళం వేశాడు. ఇప్పుడు బిగిస్తే అది నిజం చెబుతుంది. స్టాకు వెళ్లిపోయాక బిగిద్దామన్నాడు.

సొరుగు తాళంచెవిని చొక్కా జేబులో వేసుకుని, ఉందో లేదో పైనుంచి తడిమి చూసుకున్నాడు. నేను చూడనట్టు కీబోర్డు తుడిచాను.

జూన్ 3

స్టాకు ఇవాళ వెళ్లింది. ఐసు పెట్టెల్లో సర్ది, ఒక్కో పెట్టెకు నా రికార్డు నకలు అతికించాం. నెల రోజుల అంకెలు, కింద నా సంతకం. ఊళ్ల జాబితాలో ఏడోది రాళ్లచెలక.

పెట్టెలు మోసుకెళ్లే టీకాల మనిషి గుర్వమ్మకు రెండు మేకలున్నాయని తెలిసి, వాటికీ ఉచితంగా వేస్తానన్నాడు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని వద్దంది. ఎందుకని అడిగితే నా వైపు చూసి చెప్పింది.

"నీళ్లను సల్లగ జేయని డబ్బా, మందునేం కాపాడుతది?"

టీకాల మనిషి నవ్వేశాడు. చదువురాని మనిషి అన్నట్టు తల ఊపాడు. నేనూ నవ్వాను, ఇది రాస్తుంటే ఆ నవ్వు గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యంగా ఉంది.

జూన్ 4

బాపుకు ఫోన్ చేశాను. ఈసారి టీకా వద్దు, ఆగు అన్నాను. ఎందుకన్నాడు. ఎండలు తగ్గలేదు, జీవాలు తట్టుకోలేవన్నాను. బాపు హాయిగా నవ్వాడు. "నువ్వు కాపలున్న మందే గద బిడ్డా. ఇంకెవరో ఇచ్చిందైతే నేనే ఆగుదును" అన్నాడు.

మందు చెడింది బాపూ. మూడు మాటలే. నోటి దాకా వచ్చాయి. తరవాత ఆయన అమ్మకు ఫోన్ ఇచ్చాడు, అమ్మ నా జలుబు సంగతి అడిగింది.

జూన్ 5

టీకాలు పడ్డాయట. బాపు ఫోన్‌లో ఉత్సాహంగా ఉన్నాడు. ఊరికి ఇన్ని జీవాలు అని టీకాల మనిషికి ఒక లెక్క ఉంటుంది, నలభై తక్కువ పడ్డాయి. లచ్చయ్యా, నీ మందను ఇంకోసారి సందులోంచి తోలు, సూది వెయ్యం, ఊరికే లెక్కకు అన్నాడట. చిన్నాయన వెనక నుంచి తిప్పి తోలుకొచ్చాడు. పది గొర్రెలు దాటేసరికి బాపు కేకేశాడు.

"ఒక్క గొర్రెను జూస్తే ఎవరైన మోసపోతరు. వరస జూస్తే దొరికిపోతడు. గవే గొర్లు, గదే వరస. నాకే జెప్తరా?" అన్నాడు బాపు, నవ్వుతూ.

అందరూ నవ్వారట. నేను పనుందని ఫోన్ పెట్టేశాను.

పద్నాలుగు రోజులు. పందొమ్మిదిన మందలు కలుపుతారు. ఆలోగా చెప్పాలి. చాలా టైముంది.

జూన్ 7

ఇంకా పన్నెండు రోజులు.

జూన్ 10

ఇంకా తొమ్మిది. పంపిన మందులో సగం సీసాలైనా బతికి ఉంటాయి. సగం చాలు. సగం గొర్రెలకు రక్షణ ఉంటే మందకు ఉన్నట్టే కదా. దీన్ని ఎక్కడ చదివానో గుర్తు లేదు. చదివానో, నేనే అనుకుంటున్నానో.

జూన్ 13

ఆరు. సార్ కొత్త సెన్సర్ బిగించాడు. ఖాళీ ఫ్రిజ్జు పదిహేడు చూపించింది. సాయంత్రం మెకానిక్ వచ్చి గ్యాసు నింపాడు. ఐదు. ఇంత చిన్న పని.

జూన్ 16

మూడు. ఎవరు ఫోన్ చేసినా బాపేమో అని ఉలిక్కిపడుతున్నాను.

జూన్ 18

సెలవు పెట్టి, ఊరికి పోదామని ఇక్కడి కొత్తకోట బస్టాండ్‌కు వెళ్లాను. మక్తల్ బస్సు తప్పిపోయింది.

లేదు. నా కోసం నేను రాసుకునే దాంట్లో కూడా ఇదేం బుద్ధి? బస్సు నా ముందు పది నిమిషాలు నిలబడింది. కండక్టర్ రెండుసార్లు పిలిచాడు. నేను సోడా తాగుతూ నిలబడ్డాను. ఉద్యోగం పోతుందని కాదు, కేసు అవుతుందని కూడా కాదు. మన రాణి అన్నప్పుడు బాపు మొహం ఎలా ఉంటుందో, అది ఇంకోలా మారడం చూడలేక.

జూన్ 19

మందలు కలిశాయి. అమ్మ ఫోన్‌లో చెప్పింది. అన్నదమ్ములిద్దరూ చాలా రోజులకు ఒకే చెట్టు కింద కూర్చుని సద్ది తిన్నారట.

జూన్ 23

ఏమీ కాలేదు. నాలుగు రోజులైంది, ఏమీ కాలేదు. ఇవాళ కడుపునిండా తిన్నాను.

జూన్ 26

సంత గొర్రెల్లో రెండింటికి ముక్కు కారుతోందట. వాన కొత్త కదా, పడిశం అంటోంది అమ్మ.

జూన్ 28

ఇప్పుడు తొమ్మిది. మా వాటిలో కూడా. నోట్లో పుండ్లు.

జూన్ 29

పారుడు మొదలైంది.

జూలై 1

ఊళ్లో ఉన్నాను. నిన్న పొద్దున వచ్చాను.

పిల్లలు ముందు పోయాయి. కవలలు రెండూ నిన్న మధ్యాహ్నం, ఒకదాని తరవాత ఒకటి. తల్లి వాటిని ముట్టెతో పొడుస్తూ చాలాసేపు నిలబడింది, సాయంత్రానికి అదీ పడుకుంది, లేవలేదు. కళ్లలో పుసులు, ముక్కు మూసుకుపోయి నోటితో ఊపిరి. దొడ్డి అంతా ఒకటే వాసన, ఎంత కడిగినా నా చేతులకు కూడా. అమ్మ రాగి జావ కాచి ఒక్కోదానికి సీసాతో పట్టిస్తోంది. మింగడం లేదు.

జీవాల డాక్టరు వచ్చి చూశాడు. టీకా పడ్డాక ఇలా రాకూడదే అన్నాడు. ఆ మాటను రెండుసార్లు అన్నాడు. నేను బిందెలో నీళ్లు తేవడానికి వెళ్లాను.

చెరువు కింద గుంట తవ్వారు. సున్నం చల్లి పూడుస్తున్నారు. ఇవాళ్టికి ముప్పై ఒకటి.

జూలై 3

బొల్లిది పోయింది. మందకు ముందు నడిచేది. మిగిలినవి దొడ్డి సందు దగ్గరికి వచ్చి ఆగిపోతున్నాయి, ఏది ముందు నడవాలో తెలియక.

బాపు, చిన్నాయన గుంట దగ్గర కలబడ్డంత పని చేశారు. కోపమొచ్చినా బాపు ఎప్పుడూ గొంతు పెంచడు. ఇవాళ కూడా పెంచలేదు, అదే భయంగా ఉంది.

"నీ సంత గొర్లే నా మందను తిన్నయ్, లచ్చయ్యా. నేను కలుపొద్దన్న. నువ్వు ఇనలే."

"పద్నాలుగు రోజులు ఆగిన గదనే. నువ్వు సెప్పినట్టే జేసిన" అన్నాడు చిన్నాయన. ఆయన కళ్ల నిండా నీళ్లు. ఆయనవీ యాభై పోయాయి.

ఇక నా గడప తొక్కకు అన్నాడు బాపు. తమ్ముణ్ని. నేను ఇద్దరికీ మధ్య మూడు అడుగుల దూరంలో సున్నం బుట్ట పట్టుకుని నిలబడి ఉన్నాను. ఒక్క మాట చాలు, చిన్నాయన తల ఎత్తుకుని ఇంటికి వెళ్లేవాడు. ఆ మాట అక్కడ నా దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేదు. బుట్ట మాత్రం కింద పెట్టగలిగాను.

జూలై 6

ఆఫీసుకు వచ్చాను. పని లేదు. పాత ప్రోగ్రాం తెరిచి చూశాను. ఆ ఒక్క లైను ఇప్పటికీ చేర్చలేదు. కొత్త సెన్సర్ వచ్చాక ఇక చేర్చే అవసరమూ లేదు. కానీ మే నెలలో ఇరవై సార్లు తెరిచాను దీన్ని. ప్రతిసారీ వేలు మీటల మీదికి వెళ్లింది, ప్రతిసారీ మూసేశాను. బద్ధకం అనుకున్నాను.

రికార్డు మొత్తం ప్రింటు తీశాను. 5.52, 4.18, 5.35, 5.40, 5.73, 3.59. పదకొండు చోట్ల అదే మొదలు. హెడ్డాఫీసులో ఇంతమంది ఉన్నారు, ఒక్కరూ చూడలేదు.

గుర్వమ్మ బల్ల కింద ఊడుస్తూ, ఆ మందేనా మీ ఊరికి పోయింది అని అడిగింది. అవునన్నాను. చీపురు ఆపి కాసేపు నేల మీద కూర్చుంది.

జూలై 9

హెడ్డాఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. రికార్డు తిరగేశాడు. బ్రహ్మాండంగా ఉందన్నాడు. మందులో లోపం లేదు, కాపరులే సంత జీవాలను కలిపి రోగం తెచ్చుకున్నారు అని రాసుకున్నాడు. ఊరివాళ్లు సంతకాలు చేస్తే ఫైలు మూసేయవచ్చట. కాగితం మీద ఇలా ఉంది: ఉష్ణోగ్రత రికార్డు మాకు చూపించారు, మందు సక్రమంగా ఉంది, మాకు ఏ అభ్యంతరమూ లేదు. కింద ఖాళీ గీతలు.

ఆయన వెళ్లాక కృష్ణకాంత్ సార్ ఆ కాగితాన్ని, రికార్డు ప్రింటును కలిపి కవరులో పెట్టి నా చేతికిచ్చాడు. మీ బాపు చేస్తే మిగతా అందరూ చేస్తారు అన్నాడు. నా కళ్లలోకి చూడలేదు.

"నా మీదికి రాదు, నీ మీదికీ రాదు. పోయిన జీవాలు ఎట్లా రావు గదమ్మా."

కవరు తీసుకున్నాను. తీసుకున్నాను అని రాయడానికే ఇంతసేపు పట్టింది.

జూలై 12, రాళ్లచెలక

పొద్దున తొమ్మిదికి ఇంటికి చేరాను. బాపు మిగిలినవాటిని సందులోంచి వదులుతున్నాడు. ముప్పై ఏడు. పెదవులు కదలడం లేదు. వరస లేదు కదా, ఒక్కోదాన్ని వేలితో లెక్కపెడుతున్నాడు. బాపు వేళ్లతో లెక్కపెట్టడం నేను పుట్టాక చూడలేదు.

అరుగు మీద కూర్చున్నాక కవరు ఇచ్చాను. ఏమిటంటే చెప్పాను. మంద పోయింది నిజం, రోగం సంత గొర్రెలతో వచ్చింది నిజం, సంతకానిదేముందన్నాడు. పెన్ను అడిగాడు. ఇచ్చాను. నేనే ఇచ్చాను.

సంతకం పెట్టే ముందు, రికార్డు చూపించారని రాసి ఉంది కదా, మరి చూడాలి కదా అన్నాడు. ఆయన అంతే. చూడకుండా చూశానని చెప్పడు. నాలుగో తరగతి దాకా చదివాడు, అంకెలు చదవగలడు. కాగితాలను చెయ్యి చాపి దూరంగా పట్టుకుని, వెలుతురుకు తిప్పాడు. అవి ఫ్రిజ్జులో వేడి అంకెలనీ, అరగంటకొకటనీ చెప్పాను.

మొదటి కాగితం చూశాడు. రెండోది. మూడో దాని మీద వేలు ఆగింది. మళ్లీ మొదటిది తీశాడు. ఈసారి పెదవులు కదిలాయి.

నాకు దొరికిపోవాలనీ ఉంది, దొరకకూడదనీ ఉంది. ఆ లైను ఎందుకు చేర్చలేదో అప్పుడు అర్థమైంది. నేను చెప్పలేనిది ఎవరైనా చూసి కనిపెట్టాలని రెండు నెలలుగా ఎదురు చూస్తున్నాను. చూసేది బాపే అవుతాడని మాత్రం అనుకోలేదు.

"ఐదు యాబై రెండు. దాని ఎన్కల నాలుగు పద్దెన్మిది. దాని ఎన్కల ఐదు ముప్పై ఐదు" అని చదివాడు బాపు. కాగితం తిప్పాడు. "గీడ గూడ గదే. గీడ గూడ గదే వరస."

ఇంకో కాగితాన్ని కూడా పక్కన పెట్టి పోల్చాడు.

"గొర్లు గిట్ల నడుస్తయ్ బిడ్డా. ఎండ గిట్ల నడుస్తదా?"

కాగితాలను మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. అమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. బాపు నన్ను చూశాడు. ఏ మొహం చూడాల్సి వస్తుందని బస్సెక్కలేదో, ఆ మొహంతోనే.

"మల్ల తిప్పి తోలిండ్రు గీ అంకెలను. ఎవరు తోలిండ్రు?"

"నేనే, బాపూ" అన్నాను. "మందు మే నెలలనే సెడింది. నాకు తెల్సు."

కొడతాడనుకున్నాను. కొట్టలేదు. పెన్నుకు మూత పెట్టి నా పక్కన పెట్టాడు. లేచి దొడ్డి దాకా వెళ్లి, అక్కడే అటు తిరిగి నిలబడ్డాడు. అమ్మ ఏడుపు వినిపించింది, నేను అటు చూడలేదు. తిరిగి వచ్చాక ఆయన గొంతు మామూలుగానే ఉంది.

"పో. లచ్చయ్యను పిలుసుకరా. నేను పిలుస్తున్ననని జెప్పు. నాకు జెప్పిన మాట వాని ముంగట గూడ జెప్పు. తర్వాత పోదం పై ఆఫీసుకు, గీ కాగితాలు పట్టుకోని, ముగ్గురం."

చిన్నాయన ఇంట్లో లేడు. గుంట దగ్గరికి వెళ్లాడట, ఇవాళ కూడా రెండు పోయాయి. పిన్ని కబురు పంపింది. అప్పటి నుంచి అరుగు మీద కూర్చుని ఇది రాస్తున్నాను. బాపు నా ఎదురుగానే ఉన్నాడు, ఏం రాస్తున్నావని అడగలేదు. రికార్డు కాగితాలు ఎగిరిపోకుండా వాటి మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

చిన్నాయన వీధి మలుపు తిరిగాడు. సున్నం అంటిన చేతులతోనే వస్తున్నాడు. మా గడప ముందుకు వచ్చి, లోపలికి రావచ్చో లేదో తెలియక ఆగిపోయాడు.